పాలు ఆగవు, ప్రోగ్రాము ఉడకదు

ఇటు రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్లు కూడా ముందుకు రండి. దూరం నుంచి వింటే ఈ కథ వాసన అందదు. ఇది పాల కథ. మొదలుపెట్టేటప్పటికి మాత్రం పాల కథే. చెప్పడం పూర్తయ్యేసరికి అది ఏమవుతుందో నా చేతుల్లో లేదు, మీరెంత తొందరగా కుదురుకుంటారో దాన్ని బట్టి ఉంటుంది.

రేగులపాడులో ఒక పాలకేంద్రం ఉంది. ఒకటే గది, రేకుల కప్పు, ముందు ఇంత అరుగు. అరవై రెండు ఇళ్ల గేదెల పాలు తెల్లారి ఐదున్నరకల్లా అక్కడికి చేరతాయి. వాటి మంచీ చెడ్డా చూసేది శేషారత్నం. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ఏడో తరగతి దాకా చదువుకుంది, తొమ్మిదేళ్లలో ఒక్క పూట కూడా తలుపు ఆలస్యంగా తీసి ఎరగదు. పాలగిన్నెలో పరీక్ష యంత్రం గొట్టం ముంచుతుంది, పక్కనున్న కంప్యూటరు వెన్న శాతం చెబుతుంది, చీటీ వస్తుంది, పాలు క్యానులోకి పోతాయి. ఏడింటికి కరీముల్లా వ్యాను వస్తుంది. చీటీ లేని క్యాను వ్యాను ఎక్కదు. వరసగా నాలుగు రోజులు ఏ కేంద్రం నుంచి క్యాను ఎక్కకపోతే ఆ కేంద్రం పేరు పాల సమాఖ్య జాబితాలోంచి కొట్టేస్తారు. కొట్టేశారా, ఆ అరవై రెండు ఇళ్లవాళ్లూ పాలు తలకెత్తుకుని పదకొండు కిలోమీటర్ల అవతలి కేంద్రానికి నడవాలి. శేషారత్నం తాళంచెవి ఇచ్చేసి ఇంటికి పోవాలి. ఈ రెండు ముక్కలూ మనసులో పెట్టుకోండి.

ఆ కంప్యూటరు వెన్న శాతం చెప్పాలంటే దానిలో ఒక ప్రోగ్రాము ఉండాలి. ప్రోగ్రామంటే బ్రహ్మపదార్థమేమీ కాదు, మనిషి అక్షరాల్లో రాసిపెట్టిన వంట చీటీ లాంటిది. యంత్రానికి అక్షరాలు అరగవు. వాటిని యంత్రానికి అరిగేలా వండిపెట్టేదాన్ని కంపైలర్ అంటారు. ఇన్నాళ్లూ ఆ వంట ప్రధాన కార్యాలయంలో ఒక పెద్ద కంప్యూటరు మీద జరిగేది. ఒక్కసారి వండి, ప్యాకేజీ కట్టి, నాలుగు వందల పన్నెండు పాలకేంద్రాలకు పంపేవారు, పెళ్లిలో పులిహోర పొట్లాలు పంచినట్టు. అందుకున్నవాళ్లు విప్పుకోవడమే. ఎవరికీ కడుపునొప్పి రాలేదు.

ఎవరికీ కడుపునొప్పి రాకపోవడం సమాఖ్య ఎం.డి. విరూపాక్షయ్యగారికి అనుమానం కలిగించింది. ఆయన ఆ వేసవిలో ఎక్కడో చల్లటి ఊళ్లో మూడు రోజుల సదస్సుకు వెళ్లారు. మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక వక్త లేచి, "మీరు వండని ప్రోగ్రాములో ఏం కలిసిందో మీకేం తెలుసు?" అన్నాడు. అప్పటికి సభలో మెలకువగా ఉన్నది విరూపాక్షయ్యగారొక్కరే. ఆ మాట నేరుగా వెళ్లి ఆయన గుండెలో దిగింది. తిరుగు ప్రయాణంలో రైల్లో ఇచ్చిన భోజనం కూడా ముట్టలేదట. మర్నాడే ఉత్తర్వు వెలువడింది.

"అన్యయంత్రపక్వములగు ప్రోగ్రాములు ఎంగిలితో సమానములు. కావున ప్రతి పాలకేంద్రము తన ప్రోగ్రామును తన యంత్రముననే, ప్రతి ఉదయమును, తాజాగా కంపైలు చేసికొనవలెను. నిన్న చేసినది చద్దిగా పరిగణింపబడును. సదరు క్రియ సభ్యుల సమక్షమున, సభ్యులు తమ పాలు చేతబట్టుకొని యుండగా జరుగవలెను."

ఉత్తర్వు అమలు ముందుగా రేగులపాడులోనే మొదలైంది, దాని వెనకాలే కోదండపాణి వచ్చాడు. నిన్నటిదాకా సమాఖ్యలో సూపరింటెండెంటు, ఇవాళ్టి నుంచి సాంకేతిక పరిశుద్ధతాధికారి. చంకలో లక్క ముద్ర, మెడలో కొత్త బిళ్ల. చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని, కంప్యూటరు ముందు కూర్చుని ప్యాకేజీ విప్పాడు. తెర మీద అక్షరాలు చీమలబారులా పైకి పాకడం మొదలుపెట్టాయి.

"ఎంతసేపు పడుతుంది సార్?" శేషారత్నం అడిగింది.

"ఈ యంత్రం శక్త్యనుసారం నాలుగు గంటల పది నిమిషాలమ్మా."

"పాలు అంతసేపు ఆగవు సార్."

"ఉత్తర్వులో పాల ప్రస్తావన లేదు," అన్నాడాయన కాగితం తిరగేసి చూసి.

అరవై రెండు మంది ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్లలో ముందు నిలబడింది మస్తానమ్మ. డెబ్భై దాటిన మనిషి, మూడు గేదెలు, ఒక నోరు. పావుగంట ఓపిక పట్టింది. అదే ఎక్కువ.

"సారూ, మా గేదె ఈనేటప్పుడు కూడా ఇంతమందిని నిలబెట్టదు," అంది.

"ఇది కూడా ఒక జననమేనమ్మా," అన్నాడు కోదండపాణి గంభీరంగా.

"అయితే మంత్రసాని ఏదీ?"

ఏడయింది. వ్యాను వచ్చింది. కరీముల్లా కిటికీలోంచి తల బయటపెట్టాడు. "రత్నమక్కా, క్యాన్లు?"

"ఉడుకుతంది."

"ఏంది ఉడికేది?"

"ప్రోగ్రాము."

కరీముల్లా లోపలికి తొంగి చూశాడు. పొయ్యి లేదు, పొగ లేదు. "నేనీడ ఆగితే అవతల పద్దెనిమిది ఊర్ల పాలు ఇరుగుతాయక్కా, ఏమనుకోబాక," అని వెళ్లిపోయాడు.

వైశాఖమాసం, రేకుల కప్పు. ఎనిమిదింటికి మస్తానమ్మ తన గిన్నెలో వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని, ఇంకెవరినీ అడగలేదు. ఇంటికి పోయి ముంతెడు మజ్జిగ తెచ్చి, వరసలో ఉన్న ప్రతి గిన్నెలోనూ చెంచాడు చెంచాడు వేసుకుంటూ పోయింది. "ఇరిగితే పారబొయ్యాల. తోడుకుంటే తింటాం," అంది. తొమ్మిదీ నలభైకి ప్రోగ్రాము సిద్ధమైంది. శేషారత్నం గొట్టం ముంచింది. కంప్యూటరు ఒక్క క్షణం ఆలోచించి, "నమూనా పాలు కాదు" అంది.

కోదండపాణి నివేదిక రాశాడు: "ప్రోగ్రాము నిర్మాణము నూటికి నూరుపాళ్లు విజయవంతము. పాలు హాజరు కాలేదు."

శేషారత్నం గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఒక సున్నా చుట్టింది. ఒకటి.

ప్రధాన కార్యాలయం ఊరుకోలేదు. సరుకు పెరుగుగా మారిందని సమాచారం అందింది కనుక, మర్నాడు ఉదయానికి పెరుగును పరీక్షించే ప్రోగ్రాము ప్యాకేజీ పంపింది. దానితోపాటు ఒక సవరణ ఉత్తర్వు కూడా. ప్రోగ్రాము ఒంటరి పక్షి కాదట. దానికి సాయపడే చిన్నా చితకా ప్రోగ్రాములు ముప్పై ఏడున్నాయి. అవి మాత్రం పరాయి యంత్రాల్లో వండినవై ఉంటే మడి ఏముంది? వాటినీ ఇక్కడే వండాలి. ఈసారి ఆరు గంటలు.

ఆ పూట పితికిన పాలు పిల్లలకీ దూడలకీ పోసి, నిన్నటి గిన్నెలు పట్టుకుని వచ్చారు అందరూ. పెరుగు గడ్డకట్టి ఉంది. ఇప్పుడొక సంగతి ఆలోచించండి. అరవై రెండు మంది ఆడవాళ్లు. ఒడిలో పెరుగు. ఆరు గంటలు. చేతులకి వేరే పనేమీ లేదు. ఏం జరుగుతుందో విరూపాక్షయ్యగారికి తెలియకపోవచ్చుగానీ మీకు తెలుసు. ఎవరో ఒకావిడ ఇంటికి పోయి కవ్వం తెచ్చుకుంది. పక్కావిడ, "నీ ఒక్కదానికేనా ఉంది కవ్వం?" అని తనూ తెచ్చుకుంది. అరగంటలో అరుగంతా సుడులు తిరిగింది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు కోదండపాణి తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"కవ్వాలు సార్," అంది శేషారత్నం.

"ఆపమనండి. సరుకు స్థితి మారకూడదు."

శేషారత్నం బయటికొచ్చి, "సారు ఆపమంటన్నారు," అని చెప్పింది.

"మేమెక్కడ చిలుకుతన్నాం రత్తమ్మా," అంది మస్తానమ్మ తాడు లాగుతూనే. "చేతులు చిలుకుతన్నాయి. చేతులతో చెప్పు."

ఏడింటికి వ్యాను వచ్చింది, చూసింది, పోయింది. పదకొండున్నరకి ప్రోగ్రాము సిద్ధమైంది. కంప్యూటరు, "నమూనా పెరుగు కాదు" అంది. నివేదికలో కోదండపాణి, "సభ్యులు అత్యుత్సాహముచే సరుకును పురోగమింపజేసినారు" అని రాసి, ఆ తర్వాత నివేదికకు ఎక్కకుండా మూడు గ్లాసుల మజ్జిగ తాగాడు. నాలుగోది మస్తానమ్మే పోసింది, "కరివేపాకు ఏరి పక్కన పెట్టబాకండి సారూ, నమలండి," అని.

రెండు.

మూడో రోజు వెన్న ప్రోగ్రాము వచ్చింది. సాయపు ప్రోగ్రాములకు సాయపడే ప్రోగ్రాములు కూడా ఉన్నాయని ఎవరో విరూపాక్షయ్యగారి చెవిన వేశారు, అవి నూట తొంభై. ఎనిమిదిన్నర గంటలు. వెన్నముద్దలు నీళ్లలో వేసుకుని తెచ్చారుగానీ, ఎండ ఎక్కేకొద్దీ నీళ్లు వేడెక్కాయి, వెన్న జారడం మొదలుపెట్టింది.

"అరవై రెండు శాతం అయిందమ్మా. ఓపిక పట్టండి," అన్నాడు కోదండపాణి.

"నేను పడతాను సార్. వెన్న పట్టదు," అంది శేషారత్నం.

ఆ మాట అని ఆమె ఊరుకోలేదు. ఇన్నాళ్లూ పై నుంచి ఏ కాగితం వస్తే దాని ప్రకారం నడిచిన మనిషి, ఆ రోజు కేంద్రం వెనక మూడు ఇటుకలు పేర్చి, పెద్ద ఇత్తడి గుండిగ ఎక్కించి, అరవై రెండు ఇళ్ల వెన్నా అందులో వేయించింది. దింపే ముందు గుప్పెడు మునగాకు వేసింది. ఆ వాసనకి రోడ్డు మీద పోయే బస్సు ఆగింది. డ్రైవరు దిగి చక్రాలు చూస్తున్నట్టు నటించి పది నిమిషాలు అక్కడే నిలబడ్డాడు.

మధ్యాహ్నం రెండింటికి కంప్యూటరు, "నమూనా వెన్న కాదు" అంది. కోదండపాణి కూడా ఆ పాటికి అదే చెబుతుందని ముందే రాసుకున్నాడు.

మూడు.

మర్నాడు శేషారత్నం తలుపు తీసేటప్పటికి ఆమె మనసు కుదురుగా ఉంది. పాలు పెరుగయ్యాయి, పెరుగు వెన్నయింది, వెన్న నెయ్యయింది. నెయ్యి ముసలిది. ఇంక మారడానికి దానికేమీ మిగల్లేదు. ఎనిమిది గంటలు కాదు, ఎనిమిది రోజులు పట్టినా అది నెయ్యిగానే కూర్చుంటుంది. సార్ వచ్చి నెయ్యి ప్రోగ్రాము వండటం మొదలుపెడితే, వ్యానుని ఎలాగో బతిమాలి ఆపితే, పేరు నిలబడుతుంది. క్యాను మూత బిగించి గుమ్మంలో పెట్టింది. సగం క్యాను నెయ్యి. పూసకట్టి, బంగారం రంగులో.

కోదండపాణి మొహం వేలాడేసుకుని వచ్చాడు. చేతిలో పద్నాలుగు అంశాల ఉత్తర్వు.

"ఏమైంది సార్?"

"నిన్న సాయంత్రం ఎం.డి. గారికి ఒక సందేహం వచ్చిందమ్మా. ప్రోగ్రాములన్నీ ఇక్కడే వండుతున్నాం, బాగానే ఉంది. మరి ఆ వండే కంపైలర్? దాన్ని ఎవరు వండారు?"

"ఎవరు సార్?"

"ఇంకో కంపైలర్. పరాయి యంత్రంలో. కనుక ముందు కంపైలర్‌ని ఇక్కడ కంపైలు చెయ్యాలి."

"దాన్ని కంపైలు చెయ్యడానికి?"

"ఇంకో కంపైలర్."

"దాన్ని?"

కోదండపాణి అరుగు మీద కూలబడ్డాడు. ఆయన రాత్రంతా ఇదే లెక్క వేసినట్టు కళ్లు చెబుతున్నాయి. "మొట్టమొదటిది ఎవరు వండారో నాకు తెలియదమ్మా," అన్నాడు.

మస్తానమ్మకి నవ్వొచ్చింది. "ఇంత దానికి అంత దిగులెందుకు సారూ. పెరుక్కి తోడు కావాల. తోడు యాణ్ణించి వచ్చింది? నిన్నటి పెరుగులోంచి. నిన్నటిది మొన్నటిదాంట్లోంచి. మా అత్త కాపరానికొచ్చిన రోజు పక్కింటోళ్లని చెంచాడు మజ్జిగ అడిగి తెచ్చుకుంది. ఆ పక్కింటోళ్లు ఇంకోళ్లని అడిగారు. మొదటి చెంచా ఎవురిదో ఎవురికీ తెలవదు. అయినా అందరం తింటన్నామా లేదా?"

కోదండపాణికి ప్రాణం లేచొచ్చింది. అక్కడికక్కడే ఎం.డి. గారికి ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టి, ఈ మాటలు ఒక్కటి పోకుండా చెప్పాడు.

"అడుక్కొచ్చిన తోడా," అన్నారు విరూపాక్షయ్యగారు. "అందుకే ఈ రాష్ట్రమున పెరుగు ఈ దుస్థితిలో యున్నది. వినుము కోదండపాణీ. ఏ యంత్రమునూ నమ్మజాలనప్పుడు మానవ హస్తమే శరణ్యము. ఆ మొదటి కంపైలరును ఒకట్లు, సున్నలుగా విడగొట్టి అరవై రెండు పుటలు ఉత్తర్వుతో కూడ మూసిన కవరునందు పంపించితిని. సభ్యులు పఠింపవలెను. ఆపరేటరు టైపు చేయవలెను. తప్పు దొర్లినచో మొదటినుండి."

ఇక చూడండి. అరవై రెండు మంది బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. తలా ఒక కాగితం. చదువు రానివాళ్లకి కూడా ఇబ్బంది లేదు, గీత అయితే ఒకటి, గుండ్రం అయితే సున్నా. కోదండపాణి కొబ్బరికాయ కొట్టాడు. పారాయణం మొదలైంది. "ఒకటి, సున్నా, సున్నా, ఒకటి, ఒకటి, సున్నా..." కాసేపటికి దానికొక రాగం కూడా వచ్చేసింది. చివర్లో ఎవరో గొంతు సాగదీసి "సున్నా" అంటే అందరూ అందుకుంటున్నారు. మూడో పుట సగంలో ఒకావిడ తుమ్మింది.

"తుమ్ముని ఏమని కొట్టాలి సార్?" అంది శేషారత్నం.

కోదండపాణి ఉత్తర్వు వెతికాడు. తుమ్ము లేదు. "మొదటినుంచి," అన్నాడు.

రెండోసారి ఐదో పుట దాకా వచ్చారు. మస్తానమ్మ తన కాగితం తలకిందులుగా పట్టుకుని చదువుతోందని తేలింది. "అటు నించి చూసినా ఒకటి ఒకటే, సున్నా సున్నాయే గదా," అని ఆమె వాదన. మళ్లీ మొదటినుంచి.

అప్పుడు వ్యాను హారను వినిపించింది. కరీముల్లా ఇవాళ ఇంజను ఆపి దిగొచ్చాడు.

"రత్నమక్కా, ఇయ్యాల నాలుగోది. క్యాను ఎక్కకపోతే సాయంత్రానికి పేరు తీసేస్తారంట. నాకు కూడా చెప్పారు, రేపట్నించి ఇటు తిరగొద్దని."

పారాయణం దానంతటదే ఆగిపోయింది. శేషారత్నం వేళ్లు మీటల మీదే ఉన్నాయి. ఆమెకి ఒక అలవాటుంది. ఏడో తరగతితో బడి మాన్పించారన్న దుగ్ధ కొద్దీ, అచ్చులో ఏది కనబడినా చివరి అక్షరం దాకా చదువుతుంది, పకోడీలు చుట్టిచ్చిన కాగితంతో సహా. కోదండపాణి ఒళ్లో ఉన్న ఉత్తర్వు అందుకుంది. ఉత్తర్వులు రాసినవాళ్లు కూడా మూడో అంశం దాటి చదవరు. ఆమె పద్నాలుగో అంశం దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. మళ్లీ చదివింది, ఈసారి పైకి.

"నిర్మాణ ప్రక్రియ జరుగు సమయమున సదరు కేంద్రమునందు ఉత్పన్నమగు సమస్త ఫలితములును, ఎట్టి పరీక్షతోను నిమిత్తము లేకుండ, ముద్ర వేసి, ప్రథమ వాహనమున ప్రధాన కార్యాలయమునకు పంపవలెను."

"సార్," అంది. "ఈ మూడు రోజులూ నిర్మాణం జరుగుతుండగా ఈ కేంద్రంలో ఏం ఉత్పన్నమైంది?"

కోదండపాణి కంప్యూటరు వంక చూశాడు. అరుగు మీది కవ్వాల వంక చూశాడు. గుమ్మంలో ఉన్న క్యాను వంక చూశాడు.

"నెయ్యి," అన్నాడు.

"అయితే ముద్ర వెయ్యండి."

ఆయన పద్నాలుగో అంశం మూడుసార్లు చదువుకున్నాడు. మొదటిసారి కనుబొమలు లేచాయి. రెండోసారి దిగాయి. మూడోసారి మీసం కింద ఏదో కదిలింది. ఎవరో ఇంటికి పోయి నిప్పు తెచ్చారు. లక్క కరిగింది. క్యాను మూత మీద ముద్ర పడింది. చీటీ మీద ఆయనే స్వహస్తాలతో, "నిర్మాణ ఫలితము, ఒక క్యాను" అని రాశాడు.

కరీముల్లా చీటీ అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "చీటీ ఉంది. క్యాను ఉంది. నాకింకేం కావాల," అని భుజానికెత్తుకున్నాడు. వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడి, ఆ తర్వాత శేషారత్నం నేల మీద చతికిలబడింది. మస్తానమ్మ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఏడో తరగతికే ఇట్టా ఉంటే, పది చదివుంటే ఆ ఎం.డి. నీ ముందు కాయితాలు పట్టుకుని నిలబడేవోడు," అంది.

ప్రధాన కార్యాలయంలో ఆ క్యానుకి ఘనస్వాగతం దొరికింది. ఎందుకంటే నాలుగు వందల పన్నెండు కేంద్రాల్లో నిర్మాణ ఫలితం అంటూ ఏదైనా పంపింది రేగులపాడు ఒక్కటే. ముగ్గురు సభ్యుల సంఘం కూర్చుని, వేడన్నం తెప్పించుకుని, ఫలితాన్ని క్షుణ్ణంగా పరిశీలించింది. మధ్యలో కందిపొడి కూడా అవసరమైంది. "ఫలితము స్వచ్ఛమైనది, పూసకట్టినది, సువాసన గలది. ఇందులో అన్యపదార్థము లేశమైనను లేదు," అని నివేదిక ఇచ్చింది. విరూపాక్షయ్యగారి కళ్లు చెమర్చాయి. జీవితంలో ఆయన చూసిన మొదటి నిష్కల్మషమైన ప్రోగ్రాము అది.

నిష్కల్మషమైన ప్రోగ్రాము దొరికాక ఏం చేస్తారు? యంత్రాల్లోకి ఎక్కిస్తారు. ఎలా ఎక్కించాలని ఎవరూ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది. ఒక శుభముహూర్తాన దీపం వెలిగించి, ప్రధాన కార్యాలయంలో ఉన్న ఎనభై కంప్యూటర్లలోకీ, వెనక ఫ్యాను సందుల్లోంచి, రెండేసి చెంచాలు ఎక్కించారు. ఎం.డి. గారి దానికి నాలుగు. ఆ రోజంతా యంత్రాలు ఎన్నడూ లేనంత మృదువుగా తిరిగాయని అందరూ మెచ్చుకున్నారు.

రెండో రోజు ఎర్రచీమలు వచ్చాయి. మూడో రోజుకి ఒక్క కంప్యూటరూ లేవలేదు. కేంద్రాల జాబితా ఉన్నదీ లేవలేదు, పేర్లు కొట్టేసేదీ లేవలేదు, ఉత్తర్వులు టైపు చేసేదీ లేవలేదు. చివరికి ఎవరో కలం వెతికి, చేత్తో ఒక కాగితం రాసి, నాలుగు వందల పన్నెండు నకళ్లు తీయించి పంపారు. అందులో ఉన్నది ఒక్కటే వాక్యం: "తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము, పాలకేంద్రములు తమకు తోచిన రీతిని పని చేసికొనవలెను."

శేషారత్నం ఆ కాగితాన్ని కూడా చివరి అక్షరం దాకా చదివింది. మర్నాడు పాత బీరువాలోంచి, కంప్యూటరు రాకముందు వెన్న శాతం కొలిచిన గాజు గొట్టాలు బయటికి తీసి కడిగింది. ఐదున్నరకి పాలు వచ్చాయి, ఒక్కో గిన్నెకీ చేత్తో కొలిచి, చేత్తో చీటీ రాసింది. ఏడింటికి క్యాన్లు వ్యాను ఎక్కాయి, పాలు పాలుగానే ఎక్కాయి. తదుపరి ఉత్తర్వులు ఇంతవరకూ వెలువడలేదు. కోదండపాణి నెలకొకసారి పరిశుద్ధత తనిఖీకి వస్తూనే ఉన్నాడు, కరివేపాకు నములుతున్నాడు. విరూపాక్షయ్యగారికి మాత్రం పెద్ద పురస్కారం వచ్చింది. దాన్ని అందుకోవడానికి మళ్లీ ఎక్కడో చల్లటి ఊళ్లో సదస్సుకు వెళ్లారు.

ఇదర్రా కథ. మర్చిపోకండి. శేషారత్నం చదివినట్టు చివరి దాకా గుర్తుపెట్టుకోండి, అక్కడక్కడా మీ ఊరి మాట కలిపినా నాకేం కోపం లేదు. రేపెప్పుడో ఏదో ఆఫీసు గుమ్మంలో చీటీ పట్టుకుని, మీ నంబరు ఎప్పుడు పిలుస్తారా అని పడిగాపులు పడతారు కదా, అప్పుడు పక్కన కూర్చున్నవాళ్లకి చెప్పండి. వాళ్లు నంబరు పిలిచేలోపు కథ పూర్తి కాదేమోనని బెంగ పెట్టుకోకండి. పూర్తవుతుంది. తీరిగ్గా, రెండుసార్లు కూడా చెప్పొచ్చు.